రేకు తీసేదీ మేమే, చుట్టేదీ మేమే

మాది ఆత్రేయపురం. నానబెట్టిన బియ్యం జారుగా రుబ్బి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద లాగితే క్షణంలో రేకు వచ్చేస్తుంది. రోజంతా పొగలో కూర్చున్నా మాకు రేకుల కూలే దక్కేది. నెయ్యి, బెల్లం పొడి వేసి చుట్టి అమ్మినవాళ్ళకే లాభం మిగిలేది. 2023లో మన పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది గానీ మా కూలి పెరగలేదు. గ్రూపులో మాట్లాడుకుని, లింకేజీ లోనుతో నెయ్యి, బెల్లం, అట్టపెట్టెలు మేమే కొన్నాం. మొదటిసారి తడి ఎక్కువై రేకులు మెత్తబడ్డాయి, నష్టపోయాం. అయినా మానలేదండీ. ఇప్పుడు చుట్టేదీ, అమ్మేదీ మేమే. వాయిదా ఒక్కటీ తప్పలేదు. మీ చేతిపని ఏదైనా సరే, అమ్మకం దాకా మీరే చెయ్యండి.