కాగితముపై ఒక యుద్ధనౌక
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



సముద్రమునకు ఇంత దూరమున, చెరువులనే జలరాశులుగా ఎరిగిన ఈ ఓరుగల్లు సీమలో యుద్ధనౌకా నిర్మాణమును గూర్చిన ప్రసంగమేల యని మీరడుగవచ్చును. నా సమాధానములు రెండు. మొదటిది, సముద్రము మనకంత పరాయిది కాదు. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతముగ హరించుచుండిరనియు, తాను నియతమైన సుంకమును మాత్రమే గైకొందుననియు సముద్ర వర్తకులకు ఆ శాసనమున మాట యిచ్చెను. ఓరుగల్లున కూర్చుండి సముద్రమును గూర్చి ఆలోచించిన ప్రభువుల వారసులము మనము. రెండవది, నౌకను రూపొందించుట యనగా ఉన్నదానిని పంచుకొనుట. ఆ విద్య గృహమునకును, గ్రామమునకును, గ్రంథాలయమునకును కూడ కావలసినదే.

హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసిన సంవత్సరము 1904. ఆ సంవత్సరమే డిసెంబరు మాసమున లండను నగరమునందు, అడ్మిరల్ జాన్ ఫిషర్ అధ్యక్షతను నౌకల నమూనాలను నిర్ణయించుటకు ఒక సంఘము ఏర్పడెను. ఆ సంఘము ఆలోచన నుండి రెండు నౌకలు పుట్టినవి. ఒకటి డ్రెడ్‌నాట్ అను మహాయుద్ధనౌక. రెండవది ఇన్విన్సిబుల్. ఈ రెండవ జాతికే తరువాతి కాలమున బ్యాటిల్‌క్రూయిజరు అను పేరు స్థిరపడెను. మహాయుద్ధనౌకకుండు ఫిరంగులు, దానికి లేని వేగము కలిగిన నౌక యని దాని అర్థము.

ఇట్టి నౌక ఎందులకు? 1914 సెప్టెంబరు 22వ తేది రాత్రి ఎమ్డెన్ అను జర్మను నౌక చెన్నపట్టణముపై గుండ్లు కురిపించి, రేవునందలి చమురు తొట్లను తగులబెట్టెను. నాడు కోస్తా ఆంధ్రదేశమంతయు ఆ చెన్నపట్టణము రాజధానిగాగల రాష్ట్రములోనిదే. ఎమ్డెన్ చిన్న నౌక. దాని ఫిరంగి నోటి వెడల్పు నాలుగంగుళములకు కొంచెమెక్కువ. అయినను కొలది వారములలో హిందూ మహాసముద్రమున ఇరువదికి పైగా వర్తక నౌకలను పట్టుకొనెను. ఆ నవంబరు 9వ తేదిన ఆరంగుళముల ఫిరంగులుగల సిడ్నీ అను ఆస్ట్రేలియా నౌక దానిని కోకోస్ దీవులవద్ద రూపుమాపెను. దారికాచి కొట్టు నౌకను పట్టవలెనన్న దానికంటె వేగమును, దానికంటె పెద్ద ఫిరంగియు కావలెను. ఫిషర్ ఆలోచన ఇదియే. తాను పట్టగల నౌకను కొట్టవలెను. తన్ను కొట్టగల నౌకనుండి తప్పుకొనవలెను.

ఆలోచన ముచ్చటగా నున్నది. చిక్కంతయు బరువుతో వచ్చినది.

మన బండి సంగతి చూడుడు. ఇరుసు ఇన్ని బస్తాలనే మోయును. వడ్లు ఎక్కువ వేయదలచినచో మిరపకాయలు తగ్గించవలెను. నౌకయు నంతే. నీటిపై తేలు బరువు ముందుగనే నిర్ణయమై యుండును. అందులో నౌక ఒడలు ఇంత, యంత్రములు ఇంత, ఫిరంగులు ఇంత, ఉక్కు కవచము ఇంత, బొగ్గు ఇంతయని పంచవలెను. ఒకదానికి పెట్టిన టన్ను మరియొకదానికి లేదు.

ఇన్విన్సిబుల్ బరువు 17,250 టన్నులు. డ్రెడ్‌నాట్ బరువు దానికంటె కొంచెమే ఎక్కువ. కాని పంపకము వేరు. డ్రెడ్‌నాట్‌కు పండ్రెండంగుళముల ఫిరంగులు పది, ఇన్విన్సిబుల్‌కు ఎనిమిది. దాని ప్రక్కల కవచము పదునొకండంగుళములు, దీనిది ఆరు. దాని వేగము 21 నాట్లు, అనగా గంటకు సుమారు 39 కిలోమీటర్లు. దీనిది 25 నాట్లు, సుమారు 46 కిలోమీటర్లు. మన పల్లె బస్సు వేగమనుకొనుడు. ఆ ఏడు కిలోమీటర్ల తేడాకై చెల్లించిన మూల్యమెంత? నీటిలో వేగము పెరిగిన కొలది కావలసిన శక్తి సుమారుగా దాని ఘనము చొప్పున పెరుగును. వేగము రెండింతలైన శక్తి ఎనిమిదింతలు కావలెను. కావుననే డ్రెడ్‌నాట్‌కు 23,000 అశ్వశక్తి చాలినది. ఇన్విన్సిబుల్‌కు 41,000 కావలసివచ్చెను. యంత్రముల బరువు సుమారు 2,000 టన్నుల నుండి 3,300 టన్నులకు పెరిగెను. కవచము 5,000 టన్నుల నుండి 3,500 టన్నులకు తగ్గెను. వేగమును కవచముతో కొనిరన్నమాట.

కవచమును కూడ నౌకయంతట పరువరు. మన ఓరుగల్లు కోటను తలచుకొనుడు. బయట మట్టికోట, అగడ్త, లోపల రాతికోట. రాయి ఉండవలసిన చోట రాయి, మన్ను చాలినచోట మన్ను. అట్లే నౌకలో బాయిలర్లు, యంత్రములు, మందుగుండు గదులు ఉన్న నడిమి భాగమునకే దళసరి ఉక్కు పట్టీ వేయుదురు. దాని వెనుక బొగ్గు గదులుంచి, బొగ్గునే మట్టికోటవలె వాడుకొందురు. బొగ్గనిన సింగరేణి గనుల సీమలోని వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇన్విన్సిబుల్ నిండుగ సుమారు మూడువేల టన్నుల బొగ్గును మోయగలిగెను.

ఈ పంపకము సరియైనదా? 1914 డిసెంబరు 8వ తేదిన సరియే యని తోచెను. ఎమ్డెన్ ఏ జర్మను దళమునుండి విడివడి మన సముద్రమునకు వచ్చెనో, ఆ దళమును దక్షిణ అమెరికా కొనయందలి ఫాక్లండ్ దీవులవద్ద ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్ అను రెండు నౌకలు వెన్నాడి పట్టుకొని షార్న్‌హార్స్ట్, నైసెనౌ అను పెద్ద క్రూయిజర్లను ముంచివేసెను. ఏ పనికై పుట్టినవో ఆ పనిని చక్కగా నెరవేర్చినవి.

కాని 1916 మే 31వ తేదిన జట్లండ్ యుద్ధమున వానిని తమవంటి పెద్ద ఫిరంగులుగల నౌకల యెదుట వరుసలో నిలిపిరి. ఆ ఒక్క దినముననే ఇన్‌డిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్విన్సిబుల్ అను మూడు బ్యాటిల్‌క్రూయిజర్లు ప్రేలి మునిగెను. మూడువేల మూడు వందల మందికి పైగా నావికులు మరణించిరి. ఇన్విన్సిబుల్‌లో వేయిమందికి పైగా ఉండగా బ్రతికి బయటపడినవారు ఆరుగురు.

కవచము పలుచనగుటయే కారణమని చాల కాలము చెప్పుచు వచ్చిరి. అది సగము మాటయే. కదలు ఫిరంగి గోపురము క్రింద బావివంటి మార్గముండును. దాని అడుగున మందుగుండు గది. పట్టు సంచులలో నింపిన కార్డైటు మందును అక్కడనుండి పైకి లాగుదురు. ఆ దారిలోని తలుపులు మూసి తెరచుచుండవలెను. త్వరత్వరగా కాల్చవలెనను ఆతురతచే బ్రిటిషు నౌకలలో పలుచోట్ల వానిని తెరచియే యుంచిరి. మందు సంచులను గది వెలుపల పేర్చిరి. గోపురమును చీల్చిన గుండు వెంట నిప్పు ఆ బావిలోనికి దిగెను. జర్మనులకు ఈ అపాయము అంతకు పూర్వమే, 1915 జనవరి 24వ తేదిన, జైడ్‌లిట్జ్ అను నౌకలో రెండు గోపురములు కాలిపోయినప్పుడు అనుభవమునకు వచ్చెను. వారు జాగ్రత్తపడిరి. జట్లండ్‌లోనే లయన్ అను బ్రిటిషు నౌక గోపురము పగిలినప్పుడు, మరణించుచున్న మేజరు ఫ్రాన్సిస్ హార్వే మందుగుండు గదిని నీటితో నింపుడని ఆజ్ఞయిచ్చెను. ఆ నౌక నిలిచెను.

ఇక మనము కాగితము, పెన్సిలు తీసికొని మన నౌకను గీయుదము. కాలము 1905, బరువు అదే 17,250 టన్నులు. ఎనిమిది ఫిరంగులకు బదులు ఆరు చాలుననుకొందము. నాలుగు గోపురములలో ఒకటి తగ్గినచో సుమారు 600 టన్నులు మిగులును. వేగమును 25 నుండి 24 నాట్లకు తగ్గింతము. ఘనము లెక్కన శక్తి 41,000 నుండి సుమారు 36,000కు దిగును. యంత్రములలో మరియొక 350 టన్నుల పొదుపు. ఒక చదరపు అడుగు వైశాల్యమున అంగుళము మందముగల ఉక్కు సుమారు నలుబది పౌన్లు తూగును. మూడు వందల అడుగుల పొడవున, పదునొకండడుగుల ఎత్తున, రెండు ప్రక్కల కవచమును ఆరంగుళముల నుండి తొమ్మిదంగుళములకు పెంచినచో పట్టు బరువు సుమారు 350 టన్నులే. మిగిలిన 600 టన్నులను గోపురముల పైకప్పులకు, మందుగుండు గదుల మీది ఉక్కు పలకకు వినియోగింతము.

నౌక సిద్ధమైనది. దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. ఆరు ఫిరంగులతో కాల్చినప్పుడు గుండ్లు పడిన చోటు చూచి గురి సరిదిద్దుకొనుట ఎనిమిదింటితో కన్న కష్టము. ఆ మాట నిజమే. ఒక నాట్ తగ్గుటవలన శత్రువు తప్పించుకొనడా? షార్న్‌హార్స్ట్ వేగము 23 నాట్లకు మించదు గనుక ఆ భయము లేదు. జర్మనులు తమ మొదటి బ్యాటిల్‌క్రూయిజరు ఫాన్ డెర్ టాన్‌కు ఇంచుమించు ఈ త్రోవనే త్రొక్కిరి. ఫిరంగులు ఎనిమిదే యుంచి, నోరు మాత్రము పదునొకండంగుళములకు తగ్గించి, కవచమును సుమారు పదంగుళములకు పెంచిరి. అందులకై నౌకనే 19,000 టన్నులకు పైగా పెద్దది చేసిరి. ఇన్‌డిఫాటిగబుల్‌ను ముంచినది ఆ నౌకయే.

అయినను మన నౌకయు డ్రెడ్‌నాట్ ఎదుట నిలువలేదు. కావున నమూనాతోపాటు ఒక కాగితము జతచేయవలెను. "ఈ నౌక వేటకు మాత్రమే, మహాయుద్ధనౌకల వరుసలో నిలుపరాదు" అని వ్రాయవలెను. రూపొందించినవాడు ఏది వదలుకొన్నాడో వాడుకొనువానికి తెలియకపోవుటయే అసలు ప్రమాదము. 1941 మే 24వ తేదిన హుడ్ అను బ్యాటిల్‌క్రూయిజరు బిస్మార్క్ ఎదుట ప్రేలిపోయినప్పుడు 1,418 మందిలో మువ్వురు మాత్రమే మిగిలిరి.

మరియొక మాట. మన లెక్కలో ప్రతి టన్నుకును వెలకట్టితిమి గాని, మందుగుండు గది తలుపునకు కట్టలేదు. ఎందుకన దాని బరువు లెక్కలోనికి రానంత స్వల్పము. దానిని మూయుటకు పట్టునది కొలది క్షణములు మాత్రమే. అన్నిటికంటె చౌకయైన కవచము అదియే. దానినే వదలుకొనిరి. ఏ నమూనాయు మనుష్యుని చేత తలుపు మూయించలేదు, క్రమశిక్షణయే మూయించవలెను.

మన దేశమున ఈ విద్య నేడు దూరపు మాట కాదు. 1941 జూన్ 21వ తేదిన విశాఖపట్టణమున బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణ కేంద్రమునుండి 1948 మార్చి 14వ తేదిన జల ఉష అను ఓడను జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి విడిచెను. 2009లో అదే నగరమున అరిహంత్ అను అణు జలాంతర్గామి నీట దిగెను. వరంగల్లులో 1959లో నెలకొన్న ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సాంకేతిక సంస్థగా వెలయుచున్నది. ఈ గ్రంథాలయపు బల్లవద్ద గుణకారములు చేయు పిల్లలలో ఎవరైనను రేపు అక్కడ నిజమైన నౌకను గీయవచ్చును.

సోదరులారా! మన గ్రంథాలయమునకు కూడ ఏటేట వచ్చు సొమ్ము ఇంతయని నిర్ణయమై యున్నది. బీరువాలకెంత, పుస్తకములకెంత, పత్రికలకెంత, దీపమునకెంత యని కార్యవర్గము కూర్చుండి పంచుకొనునప్పుడు వారు చేయుచున్నది నౌకాశిల్పి పనియే. ఏది కొన్నారో చందాదారులకు చెప్పుడు. ఏది వదలుకొన్నారో కూడ చెప్పుడు.