జత కుదరని మెమరీ మాడ్యూళ్లు



చాతం అనగానే అండమాన్ తెలిసినవారికి రంపపు మిల్లు గుర్తుకొస్తుంది. 1883లో మొదలైన ఆ మిల్లు రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు దెబ్బలు తిని కూడా మళ్లీ పనిచేసింది. ఆ చిన్న దీవిని ఒక వంతెన పోర్ట్ బ్లెయిర్‌తో కలుపుతుంది. ఆ పట్టణాన్ని 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. మన తెలుగువాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు.

మీ ఇల్లు అక్కడే అనుకోండి. ఇంట్లో పాత డెస్క్‌టాప్, అందులో 2 జీబీ మెమరీ. ప్రాజెక్టు రిపోర్టు తెరిస్తే నత్తనడక. కొత్త మాడ్యూల్ విశాఖ నుంచో చెన్నై నుంచో ఓడలో రావాలంటే సముద్రం మీదే రెండు మూడు రోజులు. ఈలోగా మీ బాబాయి ఒక పాడైన కంప్యూటర్లోంచి 4 జీబీ మాడ్యూల్ తీసి ఇచ్చాడు. కంపెనీ వేరు, వేగం వేరు. రెండూ కలిసి పనిచేస్తాయా?

ముందు తరం చూడండి. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 కాళ్లే. కాని అడుగున ఉండే గాడి చోటు వేరు, కరెంటు వేరు. మొదటిదానికి 1.8 వోల్టులు, రెండోదానికి 1.5 వోల్టులు. గాడి కలవకపోతే బలవంతంగా నొక్కకండి. తరం కలవనిదే కంపెనీ పేర్ల గురించి ఆలోచించి లాభం లేదు.

తరం కలిసిందా, ఇక వేగం. ప్రతి మాడ్యూల్ మీద ఒక చిన్న చిప్ ఉంటుంది. తన వేగం, తన వ్యవధులు అందులో రాసి ఉంటాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే బయాస్ వాటిని చదివి, ఇద్దరికీ సరిపడే వేగాన్ని ఎంచుకుంటుంది. ఒక దుంగను ఇద్దరు మోస్తే నడక నెమ్మదిగా నడిచేవాడిదే కదా! 1600 రకమూ 1333 రకమూ కలిస్తే రెండూ 1333లోనే నడుస్తాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 1600 మాడ్యూల్ మీద సీఎల్ 11 అనీ, 1333 మీద సీఎల్ 9 అనీ ఉంటుంది. 9 తక్కువ కాబట్టి అదే చురుకైనదనుకుంటారు. ఆ అంకె గడియారపు టిక్కుల లెక్క. మొదటిదాని టిక్కు 1.25 నానోసెకండ్లు, రెండోదానిది 1.5. గుణించి చూడండి: 13.75, 13.5. తేడా ఎంత?

పరిమాణాలు వేరైనా ఫరవాలేదు. చాలా బోర్డులలో ఒక చానెల్‌లో 2, మరో చానెల్‌లో 4 పెడితే, 2 కి 2 జతగా నడిచి, మిగిలిన 2 జీబీ ఒంటరిగా నడుస్తుంది. ఏ స్లాటు ఏ చానెల్‌దో బోర్డు పుస్తకంలో ఉంటుంది. అయితే 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీ దాటినది చాలావరకు వృథాయే.

అసలు ప్రమాదం కంప్యూటర్ ఆన్ కాకపోవడం కాదు, ఆన్ అయి తప్పులు చేయడం. మామూలు డెస్క్‌టాప్ మెమరీకి తప్పు పట్టుకునే ఏర్పాటు ఉండదు. ఒక్క బిట్ తిరగబడితే మీ రిపోర్టు తప్పుగానే సేవ్ అవుతుంది, మీకు తెలియదు. అందుకే ముందు ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసుకోండి. తరువాత మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక్కొక్క మాడ్యూల్‌ను విడిగా, ఆ తరువాత రెండింటినీ కలిపి, ఒక రాత్రంతా పరీక్షించండి. ఒంటరిగానే తప్పినదాన్ని పక్కన పెట్టండి. విడిగా బాగుండి కలిస్తే తప్పుతుంటే, బయాస్‌లో వేగాన్ని ఒక మెట్టు తగ్గించి మళ్లీ పరీక్షించండి.

చాతంలో ఉప్పుగాలి కూడా ఉంది. అంచున ఉన్న లోహపు గీతలు మసకబారితే బీప్ శబ్దాలు వస్తాయి. చాలామంది పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పని అవుతుంది కాని బంగారు పూత అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాలని గుడ్డ మేలు. ప్లగ్ తీసి, మాడ్యూల్ అంచులు మాత్రమే పట్టుకుని తుడవండి. ఆరాక, రెండు క్లిప్పులూ టక్కుమని పడేదాకా నొక్కండి.