నాలుగు దళముల షామ్‌రాక్

ఐర్లండు పేరు వినగానే చాలమందికి ఒక పచ్చని ఆకు స్ఫురించును. ఆ ఆకునకు మూడు దళములా, నాలుగు దళములా అని అడిగినచో మాత్రము సమాధానము తడబడును. శుభాకాంక్షల కార్డులమీదను, యాత్రికులకు వస్తువు లమ్ము అంగళ్లలోను ఈ రెండును ఏనాడో కలసిపోయినవి. ఐరిష్ జానపదుల దృష్టిలో ఇవి వేరువేరు. మూడు దళములది పదిమందికి కనబడునట్లు టోపీలో తురుముకొనునది. నాలుగు దళములది ఎవరి కంటను పడకుండ దాచుకొనునది. ఈనాడు మనము ముచ్చటింపబోవునది ముఖ్యముగా ఈ రెండవదానిని గూర్చియే. అయినను మొదటిదానిని పలుకరింపక ముందుకు పోలేము.

'షామ్‌రాక్' అను మాట ఐరిష్ భాషనుండి వచ్చినది. లేత క్లోవరు అని దాని అర్థము. క్లోవరు పశువులు ఇష్టముగా మేయు చిన్న మొక్క. మన ఉత్తర దేశమున పశువుల మేతకై పండించు బర్సీము దీని జాతిలోనిదే. ఆకు ఆకృతి తెలియవలెనన్నచో మన పెరళ్లలో తనంతట మొలచు పులిచింతాకును తలచుకొనవచ్చును.

క్లోవరులు అనేకము కలవు గదా, వానిలో అసలైన షామ్‌రాక్ ఏది? 1893లో నథానియేల్ కాల్గన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఐర్లండు నలుమూలలనుండి 'ఇదియే షామ్‌రాక్' అని జనులు నమ్మిన మొక్కలను వేళ్లతో తెప్పించి, నాటి, పూచువరకు వేచి చూచెను. రమారమి సగము చిన్న పసుపుపూల క్లోవరులు, సుమారు మూడవ వంతు తెల్లపూలవి. 1988లో చార్లెస్ నెల్సన్ ఈ పరీక్షనే మరల జరుపగా పసుపుపూలది నూటికి 46 పాళ్లతో ముందు నిలిచెను. కొందరైతే మన పులిచింతకు వరుసకు చెల్లెలైన మొక్కను పంపిరి! శాస్త్రజ్ఞులకు ఇది చిక్కు ప్రశ్నయే గాని, టోపీలో ఆకు తురుముకొనువానికి ఆ చిక్కు లేదు.

పాట్రిక్ మునీంద్రుడు ఐదవ శతాబ్దమున ఈ ఆకును చేతబట్టి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురును ఒక్కరే యని బోధించెనని ప్రతీతి. ఆయన స్వయముగా వ్రాసిన రెండు రచనలు నేటికిని నిలిచియున్నవి. వానిలో ఈ ఆకు ఊసే లేదు. ఈ కథను ప్రచురించినవారిలో మొదటివాడు 1726లో కేలెబ్ త్రెల్కెల్డ్ అను వైద్యుడు. ఆకు మాత్రము అంతకు ముందే పుస్తకముల కెక్కినది, వేరొక కారణమున. పదునారవ శతాబ్దాంతమున మన్‌స్టర్ ప్రాంతము యుద్ధములచే పాడుపడి, ఆకటితో మలమల మాడిన జనులు షామ్‌రాక్ కనబడినచోట విందునకు మూగినట్లు మూగిరని ఆంగ్లకవి ఎడ్మండ్ స్పెన్సర్ వ్రాసెను. అదృష్టమునకు గుర్తుగా లోకము నేడు మెడలో ధరించుచున్న ఆకు ఒకనాడు ఆకలికి కడపటి ఆధారమైనదని మరువరాదు.

ఇక నాలుగు దళములదానికి వత్తము. పచ్చిక బయలులో నడచువానికి నాలుగాకుల గడ్డి దొరికినచో త్వరలో మరేదో మంచి దొరకునని 1620లోనే ఇంగ్లండున జాన్ మెల్టన్ అనునాతడు మూఢనమ్మకముల పట్టికలో చేర్చెను. ఐర్లండున ఈ నమ్మకము మరింత లోతునకు పోయినది. అక్కడ నాలుగవ దళము ధనమునిచ్చునది మాత్రమే కాదు, మాయను ఛేదించునది. ఇందుకు ఒక కథ కలదు.

ఒక సంతలో గారడీవాడొకడు ఆట చూపుచుండెను. కోడిపుంజొకటి పెద్ద దూలమును ఈడ్చుకొనిపోవుచుండగా జనము నోళ్లు తెరచి చూచుచుండెను. అటుగా గడ్డిమోపు నెత్తుకొని పోవుచున్న ఒక పల్లెటూరి పడుచు పకపక నవ్వి, "దూలమేమిటి? కోడి ముక్కున ఉన్నది గడ్డిపరక గదా!" అనెను. ఆమె మోపులో ఆమెకే తెలియకుండ నాలుగు దళముల క్లోవరు ఒకటి చిక్కుకొనియుండెను. గారడీవానికి సంగతి బోధపడెను. జనము ఆమెను పిచ్చిదానినిగా చూచుచుండగనే అతడు మెల్లగా దగ్గరకు వచ్చి, అడిగినదానికంటె ఎక్కువ వెల యిచ్చి ఆ మోపును కొనెను. మోపు దిగినంతనే ఆమెకును కనబడినది దూలమే.

ఈ కథ ఐర్లండునకే చెందినది కాదు. జర్మనీలో గ్రిమ్ సోదరుల సంకలనమునను దీని రూపాంతరమొకటి కలదు. కాని ఇందులోని బేరము మమ్ము ప్రత్యేకముగా ఆకర్షించినది. గారడీవాడు ఆమెను కొట్టలేదు, శపింపలేదు. మంచి ధర యిచ్చెను. ఉన్నది ఉన్నట్లు చూచు కన్నును ఆమె గడ్డి వెలకు అమ్ముకొని, లాభము వచ్చినదని సంతోషించి ఇంటికి పోయియుండును.

ఆస్కార్ వైల్డ్ తల్లి, జేన్ వైల్డ్, పందొమ్మిదవ శతాబ్దాంతమున సేకరించిన నమ్మకములలోను ఈ ఆకు కలదు. దానిని ధరించినవానికి జూదమునను పందెములలోను గెలుపు కలుగునట, మంత్రగత్తెల శక్తి తగులదట. అయితే ఒక నియమము: దానిని సదా ఒంటిమీదనే ఉంచుకొనవలెను, ఇతరుల కీయరాదు, చూపనైనను చూపరాదు. కథలోని పడుచు దానిని చూపలేదు గాని, నోరు విప్పి దాని చూపును బయటపెట్టినది. ఫలితము ఒక్కటే.

ఈ ఆకు ఎంత అరుదు? 2017లో స్విట్జర్లండునకు చెందిన ఇరువురు ఐరోపాలోని కొన్ని దేశములలో యాబదియారు లక్షలకు పైగా క్లోవరులను పరిశీలింపగా, సుమారు ఐదువేలకు ఒకటి చొప్పున నాలుగు దళములవి తేలినవి. పదివేలకు ఒకటి యను పాత లెక్క కంటె ఇది కొంత ఉదారము. తెల్లపూల క్లోవరు కణములలో క్రోమోజోములు నాలుగేసి ప్రతులుండుటచే, ఈ లక్షణము వంశానుగతముగ ఎట్లు వచ్చునో తెలిసికొనుట చిరకాలము కష్టమైనది. 2010లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయమువారు దాని స్థానమును కొంతవరకు గుర్తింపగలిగిరి. ఋతువును బట్టియు, వేడిమిని బట్టియు దళముల సంఖ్య మారుటయు కలదు.

నేడు ఈ నాలుగు దళముల ఆకులను ప్రత్యేకముగా పెంచి, ఎండబెట్టి, గాజు పతకములలో పొదిగి అమ్ముచున్నారు. మెడలో వ్రేలాడుచు అవి ఎల్లరకును కనబడుచున్నవి. జేన్ వైల్డ్‌కు ఆ నియమమును చెప్పిన పల్లీయు లెవరైనను వీనిని చూచినచో, ఎంతకు కొంటిరని మాత్రము అడుగుదురేమో.