టీవీ వెలగకపోతే...



పల్చటి టీవీలు వచ్చి చాలా కాలమైనా, వెనక పెద్ద డబ్బా ఉన్న పాత టీవీని పారెయ్యలేక ఇంట్లో ఉంచుకున్నవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. ఎల్లారెడ్డిలో మా ఆడపడుచు ఇంట్లోనూ ఒకటుంది. ఓ సాయంత్రం అది ఉన్నట్టుండి ఆగిపోయింది. పాపం, దాన్ని దుప్పట్లో చుట్టి, ఆటోలో వేసుకుని కామారెడ్డికి మా ఇంటికి తెచ్చింది. ఇక్కడ ప్లగ్గు పెట్టగానే బొమ్మ వచ్చేసింది! "మరి దీనికేమైంది వదినా?" అంటూ తెల్లబోయింది. టీవీకేమీ కాలేదు. వాళ్ల స్టెబిలైజరులో ఫ్యూజు పోయింది, అంతే. రానూ పోనూ ఆటో కిరాయి దండగ.

అందుకే ముందు చూడవలసింది టీవీని కాదు, దానికి కరెంటు వచ్చే దారిని. గోడ సాకెట్లో టేబుల్ ల్యాంపు పెట్టండి. వెలిగిందా? అదే ల్యాంపును స్టెబిలైజరుకు పెట్టండి. అక్కడా వెలిగి, టీవీ మాత్రం వెలగకపోతే లోపం టీవీ వైరులోనో, లోపలో ఉన్నట్టు. వైరు ప్లగ్గు దగ్గర మెలికపడి లోపల తెగడం మామూలే. కదిలినప్పుడల్లా వెలిగి ఆరుతుంటే దాన్ని ఊపి చూడకండి, స్విచ్చి ఆపి వైరు మార్పించండి.

ఎర్ర లైటు వెలిగి బొమ్మ రాకపోతే ముందు రిమోటు నొక్కండి. తెర దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయా? అయితే పిక్చర్ ట్యూబుకు కరెంటు అందుతున్నట్టే. సెట్‌టాప్ బాక్సు, దాని వైర్లు చూసుకోండి. అలా కాక లోపల టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంటే, పవర్ సెక్షను లేవబోయి ఆగిపోతోందన్నమాట. అది మెకానిక్ పని.

బొమ్మ అంచుల నుంచి కుంచించుకుపోతే ఇంట్లో లైట్ల వంక చూడండి. అవీ మందగిస్తే వీధిలోనే వోల్టేజీ తక్కువ. అవి బాగానే ఉంటే లోపం టీవీదే. మాడు వాసన వస్తే మాత్రం ఏమీ ఆలోచించకుండా మెయిను ఆపి, ప్లగ్గు పీకెయ్యండి. నీళ్లు చల్లకండి.

మెకానిక్ తీసిన ఫ్యూజును మీరూ చూడండి. గాజు నల్లగా మాడి ఉంటే లోపల షార్టు ఉందని గుర్తు. అది సరిచెయ్యకుండా కొత్త ఫ్యూజు వేసినా నిలవదు. దాని బదులు రాగితీగ చుడతానంటే ఒప్పుకోకండి. రేపు సెట్టే అంటుకోవచ్చు.

చివరిగా ఒక్క మాట. వెనక మూత మటుకు మనం విప్పకూడదు, పిల్లల్ని విప్పనివ్వకూడదు. గోడలో వచ్చేది 230 వోల్టులే అయినా రంగుల టీవీ ట్యూబుకు చేరేది 20 వేల వోల్టుల పైమాటే. ప్లగ్గు పీకాక కూడా లోపల కరెంటు నిలవ ఉంటుంది. ఆ సాయంత్రం మా మేనల్లుడు స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడట. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆటో కిరాయి పోయిందని మేమందరం నవ్వాం గానీ, ఆ విషయం విన్నాక మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.