చీపురు పట్టిస్తే శిక్షణ అయితదా?

(నాచారం పారిశ్రామికవాడ పక్క బస్తీలో ఆదివారం జరిగిన కార్మికుల సభలో చేసిన ప్రసంగం పాఠం)

 

ఈడ కూసున్నోళ్లల్ల సగం మంది వరంగల్ రోడ్డు పట్టుకొని వచ్చినోళ్లే. భువనగిరి, ఆలేరు, జనగామ దిక్కుల బస్సెక్కి ఉప్పల్‌ల దిగినోళ్లే. దిగినోనికి ముందుగాల కనపడేది ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల గేట్లు. నేనూ అట్ల దిగినోన్నే.

పదో తరగతి పాసై 1994ల వచ్చిన. ఒక గేటు కాడ "ట్రైనింగుల పెట్టుకుంటం" అన్నరు. సంబురపడి ఇంటికి కార్డు రాసిన. లేత్ మిషను పక్కన నిలబెట్టిన్రు. మిషను నేర్పనీకి కాదు, కిందబడ్డ ఇనుప రజను ఊడ్వనీకి. లారీ లోడింగుకు నేనే, చాయ్ తేనీకి నేనే. నాతోనే చేరిన ఇంకో పిలగాడు సూపర్‌వైజరుకు సుట్టం. వాడు ఆర్నెల్లల్ల డ్రాయింగు చదువుడు నేర్చిండు. రెండేండ్లకు నాతోని "నీ ట్రైనింగు అయిపోయింది" అన్నరు. చేతిల ఒక్క కాగితం ముక్క లేదు. రెండేండ్లల్ల నేను నేర్చింది చీపురు పట్టుడు. అది మా అమ్మ ఇంటికాడనే నేర్పింది!

ఇది నా ఒక్కని తలరాత అనుకోకుండ్రి. 1938 ఫిబ్రవరిల మన్మాడ్‌ల రైల్వేలో పనిచేసే అంటరాని కులాల కార్మికుల సభ జరిగింది. రైల్వేల మనోడు గ్యాంగ్‌మన్‌గ చేరి గ్యాంగ్‌మన్‌గనే ముసలోడైతున్నడని బాబాసాహెబ్ ఆ సభల నిలదీసిండు. అప్పట్ల బొంబాయి బట్టల మిల్లుల్ల జీతం ఎక్కువుండే నేత ఖాతాకు మనోన్ని రానిచ్చేటోళ్లు కాదు. ఎందుకంటే తెగిన నూలును నోటి తడితోని అతికించాలె. మనోడు ముట్టుకుంటే మైల! అడ్డం పడ్డది యజమాని ఒక్కడే కాదు, పక్క మగ్గం మీద పనిచేసే సవర్ణ కార్మికుడు కూడ. మన చేతులకు పని రాక కాదు, పనిని మన చేతికి రానియ్యలేదు.

ఉప్పల్‌లనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దాని ముంగట పోయినప్పుడల్ల మా తాత యాదికొస్తడు. ఊర్లె వెట్టిల సర్వే గొలుసు గుంజినోడు. ఏ చెలక ఎన్ని గుంటలో నోటికి చెప్పేటోడు. పటం ఎట్ల గీస్తరో మాత్రం ఆయనకు ఎవ్వడూ చూపలే. గొలుసు మనది, పటం ఇంకొకనిది. శిక్షణ అంటే ఎవనికి పటం చూపాలె, ఎవని చేతికి గొలుసు ఇయ్యాలె అనే లెక్కనే.

ఆ లెక్క మార్చనీకి చట్టం ఉన్నది. 1961ల అప్రెంటిస్ చట్టం వచ్చింది. 1973 సవరణతో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ సీట్లు రిజర్వు చెయ్యాలని అండ్ల రాసిన్రు. ఈ ముచ్చట గట్టిగ వినుండ్రి: ఇది సర్కారు కంపెనీకే కాదు, ప్రైవేటు యజమానికి కూడ! ప్రైవేటు నౌకర్లల్ల మనకు రిజర్వేషన్ లేదు. కాని చట్టం కింద నిర్ణయించిన ట్రేడుల్ల అప్రెంటిస్ సీట్లల్ల ఉంది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు పైన పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. మొత్తం సిబ్బందిల నూటికి 2.5 నుంచి 15 దాకా. కాంట్రాక్టు కూలీలు కూడ ఆ లెక్కల వస్తరు. చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల స్టైపెండ్ అని కూడ అప్పుడే పెట్టిన్రు.

అసలు అప్రెంటిస్ ఎవరు, పేరుకు ట్రైనీ ఎవరు? గుర్తులు చెప్త. అసలోనికి సంతకం పెట్టిన ఒప్పందం ఉంటది, అది రిజిస్టరైతది. స్టైపెండ్ నెలకింత అని ఇస్తరు, పీసు లెక్కన కాదు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అధికారి అనుమతి లేంది ఓవర్‌టైం చేయించొద్దు. పనిల దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమాని బాధ్యత. ఆఖరుకు పరీక్ష, సర్టిఫికెట్. ఇవేవీ లేవంటే నువ్వు ట్రైనీవి కాదు, సస్తకు దొరికిన కూలివి.

చట్టంల బొక్కలు లేవా? ఉన్నయ్. అప్రెంటిస్ కార్మికుడు కాదంటది. శిక్షణ అయినంక నౌకరి ఇచ్చి తీరాలె అనదు. తప్పు చేసిన యజమానికి జైలు కూడ ఉండె, 2014ల అది తీసేసి జరిమానా మిగిల్చిన్రు. చట్టం తనంతట తాను మన బస్తీకి నడిచి రాదు. మనమే పోయి పట్టుకొని రావాలె.

ఇంకో మోసం. కొత్త మిషను వచ్చినప్పుడు కంపెనీలు మనుషులను కోర్సులకు పంపుతయి. రామంతాపూర్‌ల ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ నేర్పే కేంద్ర సర్కారు సంస్థ మనకు కూతవేటు దూరం. కని కోర్సుకు ఎవరి పేరు రాస్తరు? పదిహేనేండ్లసంది ఆ మిషనుకు నూనె పోసి తుడిసిన మనోని పేరా? ప్యాకింగు బల్ల కాడ నడుములు పడిపోయిన మన అక్క పేరా? ఆఫీసురూముల చాటుకు లిస్టు తయారైతది. ఆ లిస్టు నోటీసు బోర్డు మీదికి రావాలె. ఎవర్ని పంపిన్రు, ఎందుకు పంపిన్రు, మనోళ్లు ఎందరు? ఈ మూడు ప్రశ్నలు ప్రతి గేటు కాడ అడగాలె.

ఒక్కడు అడిగితే రేపు గేటు బయటుంటడు. అందుకే పదిమంది కలిసి అడగాలె. వచ్చే ఆదివారం పిల్లల పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్, ఆధార్ పట్టుకొని రండ్రి. సదువొచ్చిన తమ్ముళ్లు అప్రెంటిస్ పోర్టల్‌ల పేర్లు ఎక్కించాలె. ఎక్కించినోళ్లందరం కలిసి సలహాదారు ఆఫీసుకు పోదం, మన సీట్లు ఏడున్నయో అడుగుదం. పండుగకు ఊరికి పోయినప్పుడు వాడల ఈ ముచ్చట చెప్పుండ్రి. ఉప్పల్‌ల బస్సు దిగే పిలగాడు "ట్రైనింగు" అనే మాట వినంగనే సంబురపడొద్దు. "కాగితం ఏది?" అని అడగాలె.

నన్ను అడగమని చెప్పినోడు లేకపాయె. మీకు మేమున్నం. జై భీమ్!