మాటకు పొలిమేర
(సేత్తూరు ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



సేత్తూరు, రాజపాలయం ప్రాంతాలలో కంప్యూటరుపై లినక్సు వాడుకునే మేము కొద్దిమందిమి నెలకొకసారి కలుసుకుంటున్నాము. ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పుకోవడమే మా పని. ఆ చిన్న కూటమిలో మాకెదురైన చిక్కు ఒకటి ఈ సభవారికి మనవి చేసుకుంటాము. ఏ మాట సభకు తగినది, ఏది కాదు, ఆ గీత గీయవలసినది ఎవరు? ఈ చిక్కు మన సంఘాలన్నిటికీ ఉన్నదే గదా!

లినక్సు వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును ఎవరైనా వాడవచ్చు, దాని లోపలి రాతను చదవవచ్చు, దిద్దవచ్చు, పదిమందికి పంచవచ్చు. అయితే సందేహం వస్తే మాబోటివారు సాధారణంగా తోటి వాడుకరినే అడగాలి. అతడు జీతగాడు కాడు. మిల్లులో పని ముగించుకొని వచ్చి కూర్చున్నవాడు. అతడిచ్చే రెండు గంటలే కూటమికి మూలధనం.

మొదట మేము ఏ నియమమూ పెట్టుకోలేదు. ఒకనాడు ఒక విద్యార్థిని ప్రింటరు పనిచేయడం లేదని వచ్చింది. ఆ పూట మేము ఎన్నికల వాదంలో మునిగి ఉన్నాము. బస్సుకు వేళయిందని ఆమె లేచి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. సిగ్గుపడి, లినక్సు తప్ప వేరు మాట కూడదని తీర్మానించుకున్నాము.

ఆ తీర్మానమే మాచేత మరో తప్పు చేయించింది. ఒక అవ్వ నోటుపుస్తకం పట్టుకొని వచ్చింది. అందులో పెళ్ళిపాటలు, జోలపాటలు ఉన్నాయి. మాట తెలుగు, అక్షరం తమిళం. ఇంట తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివినవారి రాత అది. “నాయనా, దీన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చిపెడతారా?” అని అడిగింది. “అవ్వా, అది మా విషయం కాదు” అన్నాము. ఆమె పుస్తకం కొంగున చుట్టుకొని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నిజంగా అది మా విషయం కాదా? తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరం ఒక్కటే. “పాట” అన్నా “బాట” అన్నా మొదటి అక్షరం ఒకటే. కనుక యంత్రం ఒక్కటే ఆ రాతను తప్పులేకుండా మార్చజాలదు. ఆమె నోట విన్నవాడు పక్కన కూర్చోవాలి. ఇది సాఫ్ట్‌వేరు పనీ అవును, భాష పనీ అవును.

లినక్సు పుట్టుక చూడండి. 1991 ఆగస్టులో హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తన ప్రయత్నాన్ని మొదట చాటినది మినిక్స్ అనే వేరొక వ్యవస్థను వాడేవారి చర్చావేదికలో. “ఇది మా విషయం కాదు, పొమ్మ”ని వారు అతని నోరు మూయలేదు. లినక్సు మాటలు పెరిగి మినిక్స్ మాటలకు చోటు చాలనప్పుడు, 1992లో లినక్సుకు వేరు వేదిక ఏర్పడింది. గెంటివేయడం వేరు, వేరు కాపురం పెట్టించడం వేరు.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఇదే పద్ధతి. అందరి మాటకు రచ్చబండ ఉన్నది. పదాల అర్థాలకు విక్షనరీ, పాత గ్రంథాలకు వికీసోర్స్ అనే వేరు ఇళ్ళున్నాయి.

అందుచేత మా నియమాన్ని ఇలా దిద్దుకున్నాము. ప్రశ్న మా పనిముట్టు వాడకంలో పుట్టినదా? జవాబు అడిగినవారికే గాక మరొకరికీ పనికివస్తుందా? రెండింటిలో ఒకటైనా అవునంటే సభలోనే వినాలి. రెండూ కాకుంటే సభ ముగిశాక తిన్నెమీద మాట్లాడుకోవాలి. “ఇక్కడ కాదు” అన్నవాడు “మరెక్కడ” అన్నదీ చెప్పితీరాలి. అధ్యక్షుడికి నచ్చినంత మాత్రాన ఎన్నికలు విషయం కావు. నచ్చనంత మాత్రాన అవ్వ పాట విషయం కాకపోదు.

తరువాత మేమే ఆ అవ్వ ఇంటికి వెళ్ళి క్షమించమన్నాము. ఆమె పాడుతుంటే తెలుగులో టైపు చేస్తున్నాము. “బ కాదురా, భ” అని ఆమె దిద్దుతున్నది. పుస్తకంలో సగం పూర్తయింది.

వలస వచ్చిన మన కుటుంబాలకు పొలిమేర అవసరమే. పొలిమేర లేని ఊరికి పేరుండదు. కాని పొలిమేరలో దారి ఉండాలి. దారిలో నిలిచి, వచ్చినవారికి ఇల్లు చూపించే మనిషి ఉండాలి.

సెలవు.