అవసరమెఱిగి తిరుగు పంకా

నా మేనల్లుని జీవనాధారము ఒక పికప్ బండి. అందు ఇంజనుతో ముడివడిన పంకాను తీసివేసి, వాడు రెండు విద్యుత్పంకాలను అమర్చెను.

కారణము వినుడు. బండి వేగముగ బోవునపుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లార్చును. అప్పుడును పాతపంకా తిరుగుచు ఇంజను బలమును కొంత హరించును. బండి నిలిచినపుడు పంకా గాలి మిక్కిలి యవసరము. ఇంజనుతోబాటు పంకాయు నప్పుడే మందగించును. విద్యుత్పంకా యట్లుగాదు. నీరు వేడెక్కినదని యొక స్విచ్చు కనిపెట్టగనే అది పూర్ణవేగముతో తిరుగును.

యుక్తి మంచిదే. అయినను శృంగవరపుకోటనుండి అరకునకు సరకులతో కనుమ నెక్కుచుండగా నీరు మఱగి ఆవిరి లేచెను. మేనల్లుడు రేడియేటరు మూత విప్పబోయెను. ప్రక్కనున్న నేను చేయి పట్టుకొంటిని. బిగించిన మూతక్రింద నీరు 100 డిగ్రీలు మించియు మఱగక నిలువగలదు. మూత విప్పినంతనే యెగసి ముఖమును కాల్చును.

చల్లారిన పిదప చూచితిమి. పాతపంకాతోబాటు దాని చుట్టునున్న తొడుగునుగూడ వాడు పాఱవైచెను. అందుచే పంకాల యెదుటి భాగమునకు మాత్రమే గాలి సోకుచుండెను. పిమ్మట రేడియేటరు నంతయు కప్పు తొడుగు బిగించెను. 12 వోల్టులవద్ద 30 ఆంపియర్లనగా 360 వాట్లు. అంతటి ప్రవాహమును చిన్న స్విచ్చు మోయజాలదు. కావున రిలేను, ఫ్యూజును, లావుతీగెను చేర్చెను. నేడు బండి కనుమ నెక్కుచున్నది.

బడిలో పిల్లలకు చెప్పినదే మీకును చెప్పుచున్నాను: పాతదానిని తొలగింపదలచువాడు, అది మౌనముగ చేయుచుండిన పనుల నన్నిటిని ముందుగ లెక్కింపవలెను.